గడ్డివామి అడుగున బూజు పట్టింది: మేత ఎలా దాచాలి? అసలు పశువుల్ని ఉంచుకోవాలా?

కొత్తనాగలి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాన్నగారు పోయాక మూడేళ్లుగా పొలం, పశువులు నేనే చూసుకుంటున్నాను. రెండు గేదెలు, ఒక ఆవు, దాని పెయ్య, ఒక జత ఎద్దులు ఉన్నాయి.

నాలుగు రోజుల కిందట గడ్డివాము విప్పాను. పైన గడ్డి బాగానే ఉంది, పట్టుకుంటే గలగలలాడుతోంది. నిన్న మోకాలెత్తు దాకా దిగేసరికి నల్లగా పొరలు పొరలుగా అతుక్కుపోయి ఉంది. చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఒక పొర లాగితే తెల్లటి పొడి లేచి ముఖం మీద పడింది, పావుగంట దాకా దగ్గు ఆగలేదు. మొత్తం మీద మూడో వంతు పోయినట్టే. ఎండాకాలం ఇంకా సగం కూడా గడవలేదు.

ఇంట్లో అందరూ ఒకటే అడుగుతున్నారు. దుక్కి ట్రాక్టరుతో అవుతోంది, ఎరువు బస్తాల్లో వస్తోంది, ఇక ఈ పశువులకి చాకిరీ ఎందుకు అని. నా దగ్గర సరైన జవాబు లేదు. మేత దాచే పద్ధతి తెలిసినవాళ్లు చెప్పండి. పశువుల్ని ఉంచుకోవడం మీద మీ అభిప్రాయం కూడా దాచుకోకుండా చెప్పండి.

గట్టుమీద

తమ్ముడూ, వామి దేని మీద వేశావు? నేల మీదేనా? గడ్డి చేత్తో కోసిందా, మిషన్ కోతా? కట్టలు ఏ వేళలో కట్టించావు? పైన ఏం కప్పావు? ఇవి చెబితే ఎక్కడ దెబ్బతిందో తెలుస్తుంది.

పశువైద్యం

ముందు అత్యవసరమైన మాట. ఆ నల్ల గడ్డి ఒక్క పరక కూడా పశువుకి వెయ్యకండి. ఎండబెట్టి వేద్దాం, మంచి గడ్డిలో కలిపి వేద్దాం అనుకుంటారు చాలామంది. ఎండబెడితే బూజు చస్తుందేమో గానీ, అది వదిలిన విషం గడ్డిలోనే ఉంటుంది.

బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెల్లో ఒక జబ్బు చూస్తాం, డెగ్నాలా అంటారు. తోక కొన, చెవుల అంచులు, గిట్టల పైభాగం చల్లబడి, నల్లబడి, ఎండిపోయి కుళ్లుతాయి. ఆ చివరలకి రక్తం సరిగా అందక అలా అవుతుంది. గడ్డి మారిస్తే తొందరగా పట్టుకున్నవి కోలుకుంటాయి. ఆలస్యమైతే తోక ముక్కలుగా రాలిపోతుంది, గిట్ట ఊడొచ్చినవీ ఉన్నాయి.

మీ గేదెల తోక కొన, చెవి అంచు పట్టుకుని చూడండి. మిగతా ఒంటి కంటే చల్లగా ఉన్నా, గుచ్చినా కదలకపోయినా వెంటనే దగ్గర్లోని పశువుల డాక్టరుకి చూపించండి. సూడిది (కడుపుతో ఉన్నది) ఏదైనా ఉంటే ఇంకా జాగ్రత్త.

ఆ తెల్లటి పొడి మీ ఊపిరితిత్తులకీ మంచిది కాదు. ముక్కుకి, నోటికి తడిగుడ్డ కట్టుకుని, గాలి మీ వెనక నుంచి వీచేటట్టు నిలబడి తియ్యండి.

కొత్తనాగలి

డాక్టరు గారూ, చాలా థాంక్స్. పొద్దున్నే అన్నిటినీ చూశాను, తోకలు వెచ్చగానే ఉన్నాయి. నాలుగు రోజులు పైపై గడ్డే వేశాం, నల్లది మొన్ననే బయటపడింది. పెద్ద గేదె ఐదో నెల సూడిది. రాత్రంతా టెన్షన్ పడ్డాను.

అన్నా, మీరడిగినవి: నేల మీదే వేశాను. మిషన్ కోత. కట్టలు కట్టే మిషన్ సాయంత్రం పొద్దుపోయాక దొరికింది, అప్పటికే మంచు మొదలైంది. కట్టలు ఇంటికి తెచ్చి అదే రాత్రి పేర్చేశాం. పైన ప్లాస్టిక్ పట్టా నేల దాకా దించి, గాలి దూరకుండా చుట్టూ రాళ్లు పెట్టాను. తడవకూడదని.

గట్టుమీద

చెప్పావుగా, తప్పు అక్కడే ఉంది. వాన కంటే ముందే లోపలి తడి దాన్ని తినేసింది. మంచులో కట్టిన కట్టని గట్టిగా పట్టా చుట్టి మూసేస్తే ఆ తడి ఎక్కడికి పోతుంది? పట్టా లోపలి వైపు నీటి చుక్కలు పట్టి మళ్లీ గడ్డి మీదే పడతాయి. కింద నుంచి నేల చెమ్మ. రెండూ కలిసి అడుగున మగ్గింది.

ఎండుగడ్డి దాచాలంటే తడి నూటికి పదిహేను లోపు ఉండాలి. ఇరవై దాటితే లోపల వేడి పుడుతుంది. మీటరు లేదని దిగులు పడకు. ఒక పిడికెడు పరకలు తీసుకుని తాడు పేనినట్టు రెండు చేతులా మెలిపెట్టు. చిటపటమని విరిగితే ఆరినట్టు. మెలితిరిగి వంగుతోంది గానీ విరగడం లేదంటే ఇంకో పూట ఎండాలి. చొప్ప అయితే కణుపు దగ్గర గోటితో గీకు. తొక్క లేచి వస్తే లోపల ఇంకా పచ్చి ఉన్నట్టే. ఆకు ఎండినంత తొందరగా కణుపు ఎండదు, అక్కడే మోసపోతాం.

ఇక వామి. మెరక చోటు చూసుకో. చుట్టూ జానెడు లోతు కాలవ తియ్యి, నీళ్లు పోయే దారి ఉండాలి. కింద మూరెడు ఎత్తున రాళ్లు పెట్టి వాటి మీద అడ్డదూలాలు, పైన కంపో ఎండు కట్టెలో పరుచు. గాలి కింద నుంచి ఆడాలి. నడిమి భాగం ఎప్పుడూ అంచుల కంటే ఎత్తుగా ఉంచుకుంటూ పేర్చుకురా. నీళ్లు పడ్డా బయటికి జారాలి గానీ లోపలికి దిగకూడదు. చాలామంది అంచులు చక్కగా గోడలా కడదామని అక్కడ తొక్కి నడుమ గుల్లగా వదిలేస్తారు. రెండు నెలల్లో నడుమ కుంగి గిన్నెలా అవుతుంది, మొదటి వానకే నీళ్లు నిలుస్తాయి.

చుట్టిన కట్టలయితే వామి రూపం రాదు, పాకే మేలు. పట్టా కప్పాలంటే నడిమిన వెన్నుగాడిలా ఒక కర్ర కట్టి దాని మీదుగా వెయ్యి. పక్కలు మోకాలెత్తు వదిలెయ్యి, గాలి పోవాలి. ఇంటికీ, కొట్టానికీ, కరెంటు తీగలకీ దూరంగా ఉండాలి.

పేర్చాక మొదటి నెలన్నర అసలైన కాపలా. ఒక ఇనుప చువ్వ నడుమ దాకా గుచ్చి పావుగంట ఉంచి లాగు. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చేత్తో పట్టుకోలేనంత కాలుతోందంటే అగ్గి దగ్గర్లో ఉన్నట్టు. అప్పుడు తొందరపడి వామి విప్పకు. లోపల డెబ్భై డిగ్రీలు దాటిన గడ్డికి గాలి తగిలితే భగ్గుమంటుంది. నీళ్లు, మనుషులు, ఫైరింజన్ సిద్ధం చేసుకుని అప్పుడు కదపాలి.

ఖాళీకొట్టం

కొంచెం భిన్నంగా చెబుతాను, ఎవరూ నొచ్చుకోకండి. నేను ఐదేళ్ల కిందట పశువులన్నిటినీ అమ్మేశాను. పాడి ఉన్న ఇంట్లో ఆడవాళ్లకి ఒక్క రోజు సెలవుండదు. జ్వరం వచ్చినా తెల్లవారుజామున లేవాల్సిందే. మా అమ్మ నలభై ఏళ్లు పేడ ఎత్తింది, నడుం వంగిపోయింది. మేత కోసం వదిలిన పొలం చెక్కలో ఇప్పుడు కూరగాయలు పండిస్తున్నాను. తమ్ముడు అడిగిన ప్రశ్న ఇంట్లోవాళ్లు ఊరికే అడగలేదు, ఆ చాకిరీ వాళ్లది కాబట్టి అడిగారు. ముందు వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడాలి.

ఇంటిపాడి

పైన రాసిన అన్నగారి మాట నాకు మనసుకు తగిలింది, నిజమే రాశారు. నేను ఆడదాన్నే, నాలుగు గేదెలు నా చేతి మీదే నడుస్తున్నాయి. ఆ ఆదాయం మాత్రం నా చేతికే వస్తుంది, అందుకే చాకిరీ అనిపించదు. పాల డబ్బు ఎవరి చేతిలో పడుతోందన్న దాన్ని బట్టి ఇంట్లో మాట మారుతుంది. తమ్ముడూ, ఇది కూడా ఆలోచించండి.

మేత సంగతికొస్తే, పాతర గడ్డి గురించి చెబుతాను. సైలేజి అంటారు కదా, అదే, పచ్చిమేతని గాలి చొరకుండా మూసి పులియబెట్టి దాచడం. మొదటి ఏడు పెద్ద గుంత తీయించి మొక్కజొన్న పాతర వేశాను. నలభై ఐదు రోజులకి తెరిస్తే కమ్మటి పులుపు వాసన, లేత పసుపు కలిసిన ఆకుపచ్చ రంగు. గేదెలు ఎగబడి తిన్నాయి. పది రోజులు తిరగకుండానే తెరిచిన వైపు వేడెక్కి, బూజు కట్టి, రోజూ సగం పారబోశాను. అంత కష్టపడి తొక్కించి, అంత జాగ్రత్తగా కప్పి, చివరికి ఇలా అయ్యిందేమిటని ఏడ్చాను. మూసి ఉన్నప్పుడు పాడవనిది తెరిచాక ఎందుకు పాడయిందో అప్పుడు అర్థం కాలేదు.

లెక్కలమేష్టారు

అక్కా, మీ గుంత ఎంత వెడల్పు, ఎంత లోతు? రోజుకి ఎంత తీసేవారు?

ఇంటిపాడి

రెండు మీటర్ల వెడల్పు, ఒకటిన్నర లోతు. అప్పుడు రెండు గేదెలే. రోజుకి నలభై కిలోలు.

లెక్కలమేష్టారు

అయితే జవాబు ఈ కొలతల్లోనే ఉంది. తెరిచాక గాలి తగిలిన ముఖం నుంచి రోజూ కనీసం పదిహేను సెంటీమీటర్ల మందం తీసెయ్యాలి, వేసవిలో ఇంకా ఎక్కువ. అలా తీస్తే గాలి లోపలికి దిగి పాడుచేసేలోపు మనమే ముందుంటాం.

మీ ముఖం 2 × 1.5, అంటే మూడు చదరపు మీటర్లు. దాన్లో పదిహేను సెంటీమీటర్లు తీస్తే 0.45 ఘనపు మీటర్లు. బాగా తొక్కిన పాతర ఘనపు మీటరుకి ఐదారు వందల కిలోలు తూగుతుంది. అంటే రోజుకి సుమారు 250 కిలోలు తీయాలి. అది పన్నెండు పశువుల మేత. మీరు తీసింది నలభై. రోజుకి రెండున్నర సెంటీమీటర్లు కూడా తగ్గలేదు.

నలభై కిలోలకి సరిపడే ముఖం డెబ్భై సెంటీమీటర్ల పొడవు, డెబ్భై సెంటీమీటర్ల వెడల్పు, అంతే. ఒకటి రెండు పశువులున్నవాళ్లు పెద్ద గుంత తీయకూడదు అనేది ఇందుకే.

ఇంటిపాడి

మేష్టారూ, ఈ లెక్క ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! రెండో ఏడు నుంచి నేను సంచుల్లో వేస్తున్నాను. లోపల మందపాటి ప్లాస్టిక్ కవరు, బయట గోనె సంచి, ఒక్కోటి యాభై కిలోలు పడుతుంది. రోజుకొకటి విప్పితే ఆ రోజే అయిపోతుంది. పాడవడం అనే మాటే లేదు.

చేసే తీరు చెబుతాను. కంకిలో గింజ పాలు పట్టి పిండి కట్టే దశలో కోయాలి. మరీ లేతగా కోస్తే నీరు కారుతుంది, ముదిరితే గాలి పోదు, గింజ జీర్ణం కాకుండా పేడలో పడుతుంది. అంగుళం ముక్కలుగా నరికి, ఒక గుప్పెడు తీసి అర నిమిషం గట్టిగా పిండి వదలండి. వేళ్ల మధ్య నీళ్లు కారితే ఒక పూట వడలనివ్వాలి. ముద్ద మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉన్నట్టు. చేయి తియ్యగానే విడిపోతే ఎండిపోయినట్టు. సంచిలో జానెడు చొప్పున వేస్తూ పిడికిలితో, మోకాలితో అదమాలి. నేను అంచుల వెంబడి రోకలితో కుమ్ముతాను, గాలి దాక్కునేది అక్కడే. మెడ మెలిపెట్టి మడిచి రెండు కట్లు వెయ్యాలి.

ఎలుకలు ఒక్క చిల్లు పెడితే ఆ చుట్టూ మూరెడు నల్లబడుతుంది. సంచుల్ని గోడకి ఆనించకుండా, చుట్టూ తిరిగేంత చోటు వదిలి పేర్చి, వారానికోసారి చూసి చిల్లులకి టేపు వేస్తాను. నలభై ఐదు రోజులు ఆగాలి.

మేకలమంద

నాకు మేకలే గానీ ఒక అనుభవం ఉంది. అలసంద, పిల్లిపెసర లాంటి పప్పుజాతి మేత ఒక్కటే పాతర వెయ్యకండి. మాంసకృత్తులు ఎక్కువ, తీపి తక్కువ, పులవదు, కుళ్లి కంపుకొడుతుంది. మొక్కజొన్నతోనో జొన్నతోనో కలిపితే బాగుంటుంది. ఎండబెట్టాలన్నా వాటి ఆకు రాలిపోతుంది, బలమంతా ఆకులోనే. పొద్దున మంచు తడి ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి, మధ్యాహ్నం ఎండలో కదిపితే కాడలే మిగులుతాయి.

పొలం గట్టు మీద అవిసె, గ్లిరిసిడియా, సుబాబుల్ చెట్లు పెట్టుకుంటే ఎండల్లో పచ్చిమేత అదే. సుబాబుల్ మాత్రం మేతలో మూడో వంతు దాటనివ్వకండి, వెంట్రుకలు రాలతాయి.

కొత్తనాగలి

ఎంత తెలియదో ఇప్పుడు తెలుస్తోంది. లెక్కలమేష్టారు గారూ, నా పశువులకి ఎంత మేత కావాలో కూడా చెబుతారా? నేనెప్పుడూ వామి సైజు కంటితో చూసి సరిపోతుందనుకోవడమే.

లెక్కలమేష్టారు

తప్పకుండా. పశువు రోజుకి తన బరువులో నూటికి రెండున్నర వంతు, పాలిచ్చేదయితే మూడు దాకా పొడి పదార్థం తింటుంది. పొడి పదార్థం అంటే నీరంతా తీసేశాక మిగిలేది. ఎండుగడ్డిలో అది తొంభై పాళ్లు, పచ్చిగడ్డిలో ఇరవై. కాబట్టి పచ్చిగడ్డి ఐదు కిలోలు తిన్నా కడుపుకి చేరేది కిలోనే.

మీ గేదెలు చెరో 450, ఆవు 400, ఎద్దులు చెరో 400, పెయ్య 200 అనుకుందాం. మొత్తం 2300 కిలోలు. దాన్లో రెండున్నర శాతం 57 కిలోల పైచిలుకు. పచ్చిమేత దొరకని నాలుగు నెలలకి సుమారు 6,900 కిలోలు. ఇందులో మూడో వంతు దాణా, తవుడు, నూనెగింజల చెక్క రూపంలో పోతుందనుకున్నా గడ్డి నుంచి 4,600 కిలోల పొడి పదార్థం రావాలి. అంటే ఐదు టన్నుల పైన ఎండుగడ్డి. కాళ్ల కింద పోయేది, తడిసి పోయేది నూటికి పదిహేను కలిపితే ఆరు టన్నులు.

వరిలో గింజ ఎంత తూగుతుందో గడ్డి కూడా దాదాపు అంతే వస్తుంది. మిషన్ కోతలో మోడు చేలోనే నిలబడిపోతుంది కాబట్టి చేతికొచ్చేది తక్కువ. మీ పంట ఎంతో చూసుకుని, ముందు గడ్డి తూకం వెయ్యండి, ఆ తర్వాత ఎన్ని పశువులో తేల్చండి. మనం ఎప్పుడూ తలకిందులుగా చేస్తాం. పశువుల్ని కట్టేసి గడ్డి కోసం వెతుకుతాం. పాడైన ఆ మూడో వంతు గడ్డి రెండు పశువుల వేసవి మేత.

గడ్డి, చొప్ప నరికి వెయ్యండి. పొడుగ్గా వేస్తే మెత్తనిది ఏరుకుతిని కాడలు తొక్కేస్తాయి. నరికే మిషన్‌కి మూత, లోపలికి తోసే పొడుగాటి తొట్టి లేకుండా వాడొద్దు. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లని నేను కళ్లారా చూశాను.

గట్టుమీద

కట్టలు నరికేటప్పుడు ఒక్క మాట. తీగతో కట్టినవైతే ప్రతి తీగా తీసి లెక్కపెట్టండి. మా ఆవు ఒకటి మేత తగ్గించి, మోచేతులు బయటికి పెట్టి నిలబడేది, దిగుడులో దిగడానికి భయపడేది. ఆరో రోజుకి గంగడోలు తిత్తిలా వాచింది. చచ్చిపోయాక కోసి చూస్తే వేలెడు తీగ ముక్క పొట్ట గోడ చీల్చుకుని గుండె పొరలోకి దిగి ఉంది. అంత మంచి ఆవు! అప్పటినుంచి నేను పురికొస కట్టలే తీసుకుంటున్నాను, మిషన్ తొట్టి అంచుకి ఒక అయస్కాంతం బిగించాను. వారానికి రెండు మూడు మేకులైనా దానికి అంటుకుని కనిపిస్తాయి.

పశువైద్యం

చాలా విలువైన పోస్టు. మేకు, తీగ లోపల రెండో పొట్టలో చేరుతుంది, దానికి గుండెకి మధ్య ఒక పలచటి పొరే అడ్డం. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా ముందుకి గుచ్చుకుంటుంది. తొలిరోజుల్లో తీసుకొస్తే పొట్టలోకి అయస్కాంతం మింగించి కాపాడవచ్చు.

మేతచింత

ఎండు వరిగడ్డి బలం పెంచడానికి యూరియా చల్లుతారట. ప్రమాదం కాదా? ఎవరైనా చేశారా?

పశువైద్యం

కొలత తప్పితే ప్రమాదమే, కొలత పాటిస్తే మంచి పద్ధతి. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే. నూరు కిలోల ఎండుగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై లీటర్ల నీళ్లు. పూర్తిగా కరిగాక పొర పొరకీ పూలతొట్టి డబ్బాతో సమంగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూసి మూడు వారాలు ఉంచాలి. యూరియా అమ్మోనియాగా మారి గడ్డి పీచుని వదులు చేస్తుంది, మాంసకృత్తుల పాళ్లు దాదాపు రెట్టింపవుతాయి. తీసిన గడ్డిని గంటసేపు ఆరనిచ్చి, ఘాటు తగ్గాక కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలి.

ఆరు నెలల లోపు దూడలకి వద్దు, వాటి పొట్టలో సూక్ష్మజీవులు ఇంకా కుదురుకోవు. నెమరు వెయ్యని జంతువులకి అసలే వద్దు. యూరియా కలిపిన బకెట్టు పశువుకి అందే చోట ఒక్క నిమిషం కూడా వదలకండి. తాగితే నోట నురగ, వణుకు, కడుపుబ్బరం, గంటల్లో ప్రాణం పోతుంది. డాక్టరు వచ్చేలోపు చల్లటి నీళ్లలో వెనిగర్ కలిపి తాగించమని చెబుతాం.

ఇంకొకటి, వరిగడ్డిలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు సున్నాన్ని (కాల్షియాన్ని) పట్టేస్తాయి. గడ్డి మీదే బతికే పశువుకి ఖనిజ లవణ మిశ్రమం రోజూ పడాలి.

జొన్న వేసినవాళ్లు కూడా గుర్తుపెట్టుకోండి. వానలేక గిడసబారిన లేత జొన్న, కోశాక వచ్చిన పిలకల మీదకి పశువుని తోలకండి, నాము తగులుతుంది. అందులో పుట్టేది సైనైడ్ విషం. పూత దాకా ఆగి కోసి, బాగా ఎండబెట్టినా, పాతర వేసినా అది చాలావరకు పోతుంది.

ఖాళీకొట్టం

మేత దాచడం మీద మంచి విషయాలు వస్తున్నాయి. ఎద్దుల మాట ఎవరూ ఎత్తలేదు. జతకి రోజుకి ఇరవై కిలోల పొడిమేత, ఏడాది పొడుగునా. పని ఉన్నా లేకపోయినా తింటాయి. ఏడాదికి నలభై రోజులు పని చేయించని ఎద్దుల్ని మేపడం మేత మీద బరువు కాదా?

మట్టివాసన

నేను ఇంకో వైపు నుంచి వస్తాను. పెంట సంగతి. దీన్ని గొప్పగా చెప్పేవాళ్లు, పనికిరాదనేవాళ్లు ఇద్దరూ తూకం వెయ్యకుండా మాట్లాడతారు. బాగా చివికిన పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. టన్నుకి ఐదు కిలోలు. నలభై ఐదు కిలోల యూరియా బస్తాలో ఇరవై కిలోల పైన ఉంటుంది. అంటే ఒక్క బస్తాకి నాలుగు టన్నుల పెంట. నత్రజని కోసమే అయితే పశువు పెద్ద సాయం కాదని ఒప్పుకోవాల్సిందే.

కానీ బస్తాలో లేనిది పెంటలో ఉంది. మా చేను ఒక చెక్కలో పదేళ్లుగా పెంట పడుతోంది, పక్క చెక్కలో పడటం లేదు. వాన వెలిసిన మూడో రోజు రెండింట్లో పార వేసి చూడండి. మొదటిదాంట్లో మట్టి ముద్ద చేత్తో నొక్కితే పొడిపొడిగా విడిపోతుంది, వానపాములు కనిపిస్తాయి. రెండోదాంట్లో పార ఠంగుమంటుంది, పెళ్ల లేస్తుంది. వాన ముఖం చాటేసిన ఏడు మొదటి చెక్క పైరు వారం ఎక్కువ నిలబడింది.

మనం పేడ ఎత్తుతాం గానీ మూత్రాన్ని వదిలేస్తాం. పశువు వదిలే నత్రజనిలో సగం దాకా, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. కొట్టంలో నేల ఏటవాలుగా చేసి, కింద తినగా మిగిలిన గడ్డి పరిచి, తడిసినదాన్ని రోజూ గుంతలో వెయ్యండి. కొత్తనాగలి తమ్ముడూ, ఆ నల్ల గడ్డి కొట్టంలో పరచకు, పశువు మూతి పెడుతుంది. పేడతో పొరలు పొరలుగా గుంతలో వేసి తడుపు. నీ నష్టం మొత్తం నష్టం కాదు.

ఎద్దుల గురించి: నా పత్తిలో సాలు మధ్య గుంతక (కలుపు తీసే పనిముట్టు) ఎద్దులతోనే తోలుతాను. మోకాలెత్తు పైరులో ట్రాక్టరు దిగదు. నా జత పదిమంది పొలాల్లో పని చేస్తుంది, అందుకే గిట్టుబాటు అవుతోంది. ఒక్కరి పొలానికే అయితే ఖాళీకొట్టం అన్న లెక్కే సరైనది.

కొత్తనాగలి

అందరి పోస్టులూ ప్రింట్ తీసి ఇంట్లో చదివి వినిపించాను. అమ్మ ఒకే మాట అంది, "పాల డబ్బు నా చేతికివ్వు, పేడ ఎత్తడానికి నువ్వు కూడా రా" అని. ఇంటిపాడి అక్కా, మీ మాటే పని చేసింది. ఎద్దుల విషయం ఇంకా తేలలేదు. నాన్న కోడెలుగా తెచ్చి మచ్చిక చేసినవి. పెద్దదానికి ఆయన గొంతు వినపడితే చెవులు నిక్కేవి. ఆరు నెలలు పని లెక్క రాసుకుని అప్పుడు చెబుతాను.

కొత్తనాగలి

ఏడు నెలల తర్వాత వస్తున్నాను. ఈసారి కోతకి ముందే కట్టల మిషన్ అతనితో మాట్లాడి, మధ్యాహ్నం ఎండలో కట్టించాను. గడ్డి రెండు రోజులు చేలోనే ఆరింది. మెలిపెట్టి చూశాను, విరిగింది. రాళ్లు, దూలాలు వేసి రేకుల పాకలో పేర్చాను. తూకం వేస్తే నాలుగున్నర టన్నులు వచ్చింది, ఆరు రాలేదు. తక్కువైన దానికి ఒక చెక్కలో మొక్కజొన్న వేసి నలభై సంచుల పాతర కట్టాం. అమ్మా, నేనూ, ఇద్దరు చుట్టాలూ కలిసి మూడు రోజులు పట్టింది.

ఎద్దులు ఆరు నెలల్లో మా పొలంలో ఇరవై రెండు రోజులు, బయట ముప్పై ఒక్క రోజులు పని చేశాయి. వచ్చే ఏడు కూడా ఉంచుతున్నాం. పెద్ద గేదె ఈనింది, పెయ్యే పుట్టింది.

గట్టుమీద

తమ్ముడూ, చువ్వ గుచ్చి చూశావా?

కొత్తనాగలి

రోజూ అన్నా. ఈ పొద్దున మూడు చోట్ల గుచ్చాను. పావుగంట తర్వాత తీసి అమ్మ చేతికిచ్చాను. చల్లగా ఉంది అంది.